నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని తెలిశాక కూడా అంతకాలం ఎందుకు పట్టింది? ఇప్పుడు మా గ్రామసభకు ఏ ఆధారం చూపాలి?

ప్రశ్న: మునుగోడు వైపు బడిపంతులు

అందరికీ నమస్కారం. నేను నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి మండలాల చుట్టుపక్కల ఒక ప్రభుత్వ పాఠశాలలో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. మా ఆవరణలో ప్రాథమిక, ఉన్నత పాఠశాలలు రెండూ ఉన్నాయి కాబట్టి ఒకే పిల్లవాణ్ణి ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా చూసే అవకాశం నాకు దొరికింది. పదో తరగతి పిల్లలకు పరీక్ష దరఖాస్తు కోసం ఫొటోలు తీయించే రోజున, ఫొటోగ్రాఫరు కొంచెం నవ్వమంటే పెదవులు ఇంకా బిగించుకునే పిల్లలను ఏటా చూశాను. నోరు తెరిస్తే ముందుపళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు కనిపిస్తాయి. నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే వాటినే మేము గారపళ్ళు అంటాము. ఆ పిల్లల తాతలలో కొందరు మెడ తిప్పలేరు. వెనక నుంచి పిలిస్తే తల ఒక్కటే తిరగదు, మనిషి మొత్తం తిరగాలి.

2017 చివరలో మా ఊరికి మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్ళు నల్లాల ద్వారా వచ్చాయి. చిన్న తరగతుల పిల్లల పళ్ళు ఇప్పుడు తెల్లగా ఉన్నట్టు నా కంటికి తోస్తున్నది. అయితే అది నిజమా, లేక నేను కోరుకుంటున్నది కాబట్టి అలా కనిపిస్తున్నదా అన్నది చెప్పలేను.

ఇక అసలు సమస్యకు వస్తాను. గత ఎండాకాలంలో పైపులైను పగిలి పదకొండు రోజులు నల్లా నీళ్ళు రాలేదు. అప్పుడు మూలన పడి ఉన్న పాత బోరుకు మోటారు బిగించారు. నల్లాలు తిరిగి వచ్చాక కూడా ఆ బోరును ఎవరూ ఆపలేదు. చాలా ఇళ్ళలో వంటకు ఆ నీళ్ళే వాడుతున్నారు. దానిని తాగునీటికి, వంటకు వాడకుండా మూసివేయాలని గ్రామసభలో నేను ప్రతిపాదించగా, “మన దగ్గర ఫ్లోరైడ్ సున్నా అని రిపోర్టే ఉంది కదా మాస్టారూ, మళ్ళీ ఎందుకు భయపెడతారు?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

నా ప్రశ్నలు రెండు. నాటి నెల్లూరు జిల్లాలో తాగునీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోతున్నాయని 1937లోనే మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరు షార్ట్, ఆయన సహచరులు ప్రచురించారు. మా నల్లగొండ గురించి 1955లో బ్రిటిష్ వైద్య పత్రికలో సిద్దిఖీ రాశారు. అంత స్పష్టంగా తెలిసిన విషయం ప్రభుత్వ విధానంగా మారి మా ఊరి నల్లాదాకా రావడానికి రెండు మూడు తరాలు ఎందుకు పట్టింది, ఎక్కడ ఆగిపోయింది? రెండవది, ఒక బడిపంతులు గ్రామసభ ముందు పెట్టగల ఆధారం, అధికారులు కూడా తోసిపుచ్చలేని ఆధారం ఏమిటి? పెద్దలు ఓపికగా చెప్పగలరు.

---

జవాబు 1: నీటి ప్రయోగశాల (విశ్రాంత రసాయనజ్ఞుడు)

మాస్టారు గారికి నమస్కారం. నీటి నాణ్యత పరీక్షించే ప్రయోగశాలలో నేను ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేశాను. మీ గ్రామసభలో వచ్చిన “సున్నా” అన్న మాటనుంచే మొదలుపెడతాను.

2020లో కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో తెలంగాణలోని ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసాల సంఖ్య సున్నాకు వచ్చిన మాట నిజమే, అది గొప్ప విషయం కూడా. కానీ అది ఆవాసాల లెక్క, భూగర్భజలాల లెక్క కాదు. ఒక ఆవాసానికి సురక్షితమైన నీరు అందుతూ ఉంటే ఆ ఆవాసం పేరు జాబితాలోనుంచి తీసివేస్తారు. కింద ఉన్న గ్రానైటు రాయి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ రాతిలోని ఖనిజాలనుంచి ఫ్లోరైడ్ నీటిలోకి కరుగుతూనే ఉంటుంది. నీటిలో కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి ఘనపదార్థంగా విడిపోతుంది కాబట్టి కొంత అదుపులో ఉంటుంది, కాల్షియం తక్కువగా ఉండి బైకార్బొనేటు ఎక్కువైన క్షార జలంలో అలా జరగదు. వాన తక్కువ, ఎండ ఎక్కువ, బోరు లోతు ఎక్కువ అయిన చోట సమస్య ఇంకా ముదురుతుంది. కాబట్టి మీరు సభలో చెప్పవలసింది ఇది: ఆ సున్నా నల్లా నీళ్ళకు వర్తిస్తుంది, మోటారు బిగించిన పాత బోరుకు వర్తించదు.

మరొక సంగతి. అలాంటి క్షార జలంలో పప్పు త్వరగా ఉడుకుతుంది. నేను తిరిగిన కొన్ని ఊళ్ళలో ఆడవాళ్ళు తాగడానికి వేరే నీళ్ళు తెచ్చుకున్నా, పప్పుకూ అన్నానికీ బోరు నీళ్ళే పోసేవారు. వారిని తప్పు పట్టలేము, ఆ విషయం వారికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. కాచితే నీళ్ళు శుభ్రమవుతాయన్న నమ్మకం కూడా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే నీరు ఆవిరై ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి, గాఢత ఇంకా పెరుగుతుంది.

ఇక ఎక్కడ ఆగిపోయిందన్న మీ మొదటి ప్రశ్న. నా అనుభవంలో అది తెలియకపోవడం వల్ల ఆగలేదు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని రూపొందించి దానికి “నల్లగొండ పద్ధతి” అని మన ఊరి పేరే పెట్టారు. నీటిలో పటికను, అందులో ఇరవయ్యో వంతు సున్నాన్ని కలిపి, నెమ్మదిగా తిప్పి, ఒక గంట తేరనిచ్చి, అడుగుకు కొంచెం పైన అమర్చిన కుళాయినుంచి తేట నీళ్ళు పట్టుకోవాలి. 1980లో అనంతపురం జిల్లా కదిరిలో ఊరంతటికీ సరిపోయే కేంద్రాన్ని నెలకొల్పారు. టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశాల శాస్త్రవేత్తలు కూడా ఈ పద్ధతిని తీసుకున్నారు. రసాయన శాస్త్రం ప్రకారం అందులో లోపమేమీ లేదు. కానీ ఎంత పటిక వేయాలన్నది ఆ నీటిలో ఎంత ఫ్లోరైడ్ ఉంది, ఎంత క్షారగుణం ఉంది అన్నదాని మీద ఆధారపడుతుంది, ఆ రెండూ బోరు బోరుకూ మారతాయి, ఒకే బోరులో ఎండాకాలానికీ వానాకాలానికీ మారతాయి. పటిక తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది, ఎక్కువైతే నీళ్ళు వగరెక్కి, అల్యూమినియం మిగులుతుంది. అడుగున చేరిన మడ్డిని రోజూ తీసి ఎక్కడో పారబోయాలి. ఈ పనంతా ప్రతిరోజూ తూచి చేయవలసిన మనిషి ఎవరు, అతనికి జీతం ఎవరిస్తారు అన్నది నేను చూసిన ఊళ్ళలో ఎవరూ తేల్చలేదు. కేంద్రం ప్రారంభమైన రోజు కొబ్బరికాయ కొట్టిన చోట రెండేళ్ళకు తొట్టి ఎండిపోయి ఉండేది.

మన జిల్లాలో ఈ విషయాన్ని దేశం కళ్ళముందు పెట్టింది ప్రయోగశాల నివేదికలు కావు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో, నీళ్ళ కోసం పోరాడిన జలసాధన సమితి పిలుపు మీద జనం నామినేషన్లు వేయగా నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు నిలిచారు. బ్యాలెట్టును పుస్తకంలాగా అచ్చు వేయవలసి వచ్చింది, పోలింగు వాయిదా పడింది. అప్పటికి మా అల్మరాలలో ఏళ్ళ తరబడి పరీక్షల ఫలితాలు ఉన్నాయి. ఆ కాగితాలలో ఏ అంకె దాటితే ఎవరు ఏ పని చేయాలన్నది రాసి లేదు. ఒక పట్టికలో ఫ్లోరైడ్ లీటరుకు 4.2 మిల్లీగ్రాములు అని రాస్తే అది 4.2గానే ఉండిపోయింది. పైగా పైకి వెళ్ళేకొద్దీ అంకెలను సగటు చేసేవారు. ఒక వీధి బోరులో ఒకటికి లోపు, అవతలి వీధి బోరులో నాలుగుకు పైన ఉన్న ఊళ్ళు నేను స్వయంగా చూశాను. సగటు తీస్తే ఆ రెండు వీధుల మనుషులూ కాగితం మీద ఒకటే అవుతారు.

బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ విషయంలో వేరే దారి పట్టారు. 2000 తరువాత కొద్ది ఏళ్ళలో సుమారు 50 లక్షల గొట్టపుబావులను అక్కడికక్కడే పరీక్షించి, ప్రమాదకరమైనదానికి ఎరుపు, సురక్షితమైనదానికి ఆకుపచ్చ రంగు వేశారు. చదువు రాని మనిషికి కూడా ఆ ఫలితం బిందె పట్టుకున్న చోటనే కనిపించింది. సమస్య అంతటితో తీరలేదుగానీ చాలామంది ఎర్ర పంపు వదిలి పచ్చ పంపుకు మారారు.

మీరు చేయవలసిన మొదటి పని చిన్నది. గ్రామీణ నీటి సరఫరా విభాగం వారి దగ్గర క్షేత్రస్థాయి పరీక్షల పెట్టె ఉంటుంది. దానిని గ్రామసభకే తెప్పించండి. ఒక గాజు గొట్టంలో నల్లా నీళ్ళు, మరొక దానిలో బోరు నీళ్ళు పోసి అందరి ముందూ పరీక్ష ద్రావణం చుక్కలు వేయించండి. ఫ్లోరైడ్ తక్కువగా ఉన్న నీళ్ళు గులాబి ఎరుపులో నిలుస్తాయి, ఎక్కువైనకొద్దీ పసుపుకు దిగుతాయి. అది కచ్చితమైన కొలత కాదు కాబట్టి అదే రోజు ఒక సీసా జిల్లా ప్రయోగశాలకు పంపి, సంతకంతో ఫలితం తెప్పించుకోండి. సీసా ప్లాస్టిక్‌ది కావాలి, తేదీ, బోరు గుర్తు దాని మీదనే రాయాలి.

---

జవాబు 2: కమ్యూనిటీ మెడిసిన్, వరంగల్

పై జవాబులో చెప్పినది చాలావరకు నా ఆలోచనకు దగ్గరగానే ఉంది. అయితే ప్రమాణం అన్నది ఎలా తయారవుతుందో కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే గ్రామసభలో రేపు ఎవరైనా “1.4 ఉంది, ప్రమాణంలోపే ఉంది” అనవచ్చు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. భారత ప్రమాణం 1.0ని అంగీకారయోగ్యమని, వేరే నీటివనరు లేనప్పుడు మాత్రమే 1.5 దాకా అనుమతించవచ్చని అంటుంది. కానీ శరీరానికి కావలసిన లెక్క లీటరుకు ఎంత అన్నది కాదు, రోజుకు ఎంత అన్నది. రోజుకు మొత్తం 14 మిల్లీగ్రాములు చేరితే ఎముకలకు హాని స్పష్టంగా కనిపిస్తుందని, 6 దాటినప్పటినుంచే ముప్పు పెరుగుతున్న సూచనలు ఉన్నాయని అంతర్జాతీయ నిపుణుల సమీక్ష తేల్చింది. రోజుకు రెండు లీటర్లు తాగే మనిషికి 1.5 ఉన్న నీటినుంచి 3 మిల్లీగ్రాములు వస్తాయి. మే నెలలో ఉపాధి పనికి వెళ్ళి నాలుగున్నర లీటర్లు తాగే మనిషికి అదే నీటినుంచి 6.75 వస్తాయి. వంటలో చేరినది, చాయ్‌లో ఉన్నది దానికి అదనం. అంటే ప్రమాణంలోపు ఉన్న నీరే ఎండలో పనిచేసే మనిషిని హద్దు దాటించగలదు. అమెరికాలో 1962 నాటి ప్రమాణాలలోనే వేడి ప్రదేశాలకు తక్కువ, చలి ప్రదేశాలకు ఎక్కువ అని ఉష్ణోగ్రతను బట్టి హద్దులు పెట్టారు. మన ప్రాంతంలో కూలికి వెళ్ళే మనిషిని దృష్టిలో పెట్టుకుని హద్దును నిర్ణయించాలని నేను గట్టిగా నమ్ముతాను.

తిండి సంగతి కూడా మన శాస్త్రజ్ఞులు ఎప్పుడో పట్టుకున్నారు. ఒకే ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు తాగినా పోషణ తక్కువైన వారిలో జబ్బు తీవ్రంగా ఉంటుందని 1940లో మద్రాసు రాష్ట్రంలో పండిట్, ఆయన సహచరుల పరిశీలనలోనే కనిపించింది. 1970లలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు నల్లగొండ యువకులలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే వైకల్యాన్ని వర్ణించారు. నాగార్జునసాగర్ తరువాత భూగర్భజలం పైకి వచ్చి, నేల క్షారంగా మారి, జొన్నలో మాలిబ్డినం అన్న మూలకం పెరిగి, శరీరంలో రాగి లోపించడం దానికి తోడ్పడిందని వారు భావించారు. ఒక ప్రాజెక్టు కట్టేటప్పుడు నీటి పరిమాణంతో పాటు మనిషి ఎముక గురించి కూడా ఎవరైనా అడగాలన్నదానికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇదే. చింతపండు తీసుకున్న బడిపిల్లలలో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని అదే సంస్థ 2002లో ప్రచురించింది. అయితే చారు తాగుతున్నాము కాబట్టి బోరు నీళ్ళు ఫరవాలేదని దానికి అర్థం చెప్పుకోకూడదు.

ఇప్పుడు మీ రెండవ ప్రశ్న, అంటే ఆధారం. మాస్టారు గారూ, అది మీ తరగతి గదులలోనే ఉంది.

పంటి పింగాణీ, అంటే ఎనామిల్ పొర, ఒకసారి తయారైతే ఇక మారదు. శాశ్వత ముందుపళ్ళ పింగాణీ పుట్టిన కొద్ది నెలలనుంచి నాలుగైదు ఏళ్ళలోపు తయారవుతుంది, ఆ పళ్ళు బయటికి వచ్చేది ఆరు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య. అంటే ఏడేళ్ళ పిల్లవాడి ముందుపన్ను అతను పసివాడుగా ఉన్నప్పుడు తాగిన నీటిని ఇప్పుడు చూపిస్తుంది. మీ ఊరికి నల్లాలు 2017 చివరలో వచ్చాయి కాబట్టి 2018 తరువాత పుట్టిన పిల్లల ముందుపళ్ళు కృష్ణా నీటితో తయారైనవి. తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ, కాబట్టి అసలు పరీక్ష ఉగ్గు, మెత్తటి అన్నం మొదలైనప్పుడు వస్తుంది, అవి ఏ నీళ్ళతో వండారన్నది ముఖ్యం.

ఇంతకన్నా బలమైన పోలిక మరొకటి ఉంది. రెండవ దవడపన్ను పింగాణీ మూడేళ్ళ వయసునుంచి ఏడెనిమిదేళ్ళ దాకా తయారై, పన్నెండేళ్ళ ప్రాంతంలో బయటికి వస్తుంది. 2014లో పుట్టిన పిల్లవాడి ముందుపళ్ళు ఎక్కువభాగం బోరు నీళ్ళతో, రెండవ దవడపళ్ళు ఎక్కువభాగం నల్లా నీళ్ళతో తయారైనవి. సాధారణంగా ఆలస్యంగా తయారయ్యే వెనుకపళ్ళకే చారలు ఎక్కువగా ఉంటాయి. కాబట్టి మీ ఆరు, ఏడు తరగతుల పిల్లలలో ముందుపళ్ళు గారగా ఉండి వెనుకపళ్ళు తేటగా ఉంటే, నీళ్ళ మార్పు పనిచేసిందన్నదానికి ఒకే నోటిలో సాక్ష్యం దొరికినట్టే. వెనుకపళ్ళు కూడా గారగా ఉంటే వంటింట్లో ఇంకా బోరు నీళ్ళు వాడుతున్నారేమో అడగాలి.

చేసే పద్ధతిలో మాత్రం జాగ్రత్త అవసరం. తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం, ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకోండి. దగ్గరలోని దంత వైద్య కళాశాలను అడిగి శిక్షణ ఉన్నవారిని పిలిపించండి, వారు గార తీవ్రతను డీన్ సూచిక అన్న కొలమానం ప్రకారం ఆరు స్థాయులుగా గుర్తిస్తారు. పళ్ళను ముందు దూదితో తుడవాలి. గారకూ, పాచికీ, ఇతర మరకలకూ తేడా ఉంది: ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు) చారలు కుడి ఎడమ పళ్ళమీద ఒకేలా ఉంటాయి. పళ్ళు మాత్రమే కనిపించేలా ఫొటోలు తీసి, వరుస కలిపేసి, ఏ ఫొటో ఎవరిదో తెలియని మరొక దంత వైద్యునికి కూడా చూపించండి. మీకు ఫలానా ఫలితం రావాలని కోరిక ఉందని మీరే రాశారు, ఆ కోరిక లెక్కలోకి రాకుండా చేసే మార్గం అది. పిల్లలను తరగతి ముందు నిలబెట్టి చూడకండి, పెదవులు బిగించుకునే పిల్లల గురించి రాసిన మీకు నేను ఈ మాట చెప్పనక్కరలేదు.

పెద్దవాళ్ళ విషయంలో ఆశ ఎక్కువ పెట్టకండి. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ చాలా ఏళ్ళమీద నెమ్మదిగానే తగ్గుతుంది, బిగుసుకుపోయిన వెన్ను తిరిగి మామూలు కాదు. వారికి కావలసింది నొప్పికి వైద్యం, ఊతకర్ర, పింఛను.

---

జవాబు 3: కవిటి కొబ్బరితోట

ఈ చర్చ చదివి రాయకుండా ఉండలేకపోయాను. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మీకు కారణం తెలిసి కూడా నీళ్ళు రావడానికి దశాబ్దాలు పట్టింది. మాకు కారణం ఇప్పటికీ తేలలేదు, అయినా నీళ్ళు వచ్చాయి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో జీడి, కొబ్బరి తోటల్లో పనిచేసేవారికి మధుమేహం, రక్తపోటు లేకపోయినా మూత్రపిండాలు చెడిపోతున్నాయి. మా అమ్మమ్మకు అక్షరం రాదు, కానీ మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ అన్న మాట తెలుసు. రక్తపరీక్ష చీటీ తెచ్చి, “ఎంత వచ్చింది నాయనా, రెండు దాటిందా?” అని అడుగుతుంది. నీటిలోని సిలికా అని కొందరు, ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడం అని కొందరు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అని మరికొందరు అంటూ వచ్చారు. ఇటువంటి జబ్బే శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకు, మధ్య అమెరికాలో చెరకు కోసేవారికి వస్తున్నది. ఈలోగా హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్ళను పైపుల ద్వారా తెచ్చే పథకాన్ని, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రిని 2023 డిసెంబరులో ప్రారంభించారు.

కారణం తేలకముందే నీళ్ళివ్వడం తప్పని నేను అనను. మంచి నీళ్ళవల్ల నష్టం లేదు, ఏదో ఒక మేలు ఉంటుంది. కానీ శ్రీలంకలో జరిగినది చూడండి. గ్లైఫోసేట్ కలుపుమందు, కఠిన జలం కలిసి ఈ జబ్బును తెస్తున్నాయేమోనన్న ఊహ 2014లో ఒక పత్రంలో వచ్చింది, 2015లో ఆ మందును దేశమంతటా నిషేధించారు, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు మినహాయింపు ఇచ్చారు. ఊహను ఊహగా చెప్పి, ఫలానా గడువులో కొలిచి చూసి తిరిగి నిర్ణయిస్తామని ముందే రాసుకుని ఉంటే రైతుకూ రోగికీ ఇద్దరికీ మేలు జరిగేదని నా అభిప్రాయం. మధ్య అమెరికాలో కొన్ని చెరకు తోటల్లో నీళ్ళు, నీడ, విరామం ఏర్పాటు చేసి, పనికి ముందూ తరువాతా కార్మికుల రక్తం పరీక్షించారు, మూత్రపిండాలకు తగిలే దెబ్బ తగ్గింది. ఏమి చేశారో, దానివల్ల ఏమయిందో రెండూ ఒకేచోట రాసి పెట్టుకున్నారు.

మా భయం ఒక్కటే. “నీళ్ళిచ్చాము కదా” అన్న మాటతో కారణం వెతకడం ఆగిపోతుందేమోనని.

---

జవాబు 4: నీటి ప్రయోగశాల (విశ్రాంత రసాయనజ్ఞుడు)

ఉద్దానం మిత్రులు రాసినది న్యాయమైన మాట. అయితే మాస్టారు గారికి ఒక హెచ్చరిక చేయాలి, ఎందుకంటే ఈ చర్చ చదివితే మునుగోడులో కూడా ముందు అధ్యయనం, ఆ తరువాతే చర్య అన్న అభిప్రాయం ఎవరికైనా కలగవచ్చు.

ఉద్దానంలో కారణం తెలియదు, మీ ఊళ్ళో తెలుసు. కారణం తెలిసిన చోట మరొక అధ్యయనం వేయడమంటే చాలాసార్లు వాయిదా వేయడమే. నా ఉద్యోగ కాలంలో ఒకే బోరును తిరిగి పరీక్షించమని నాలుగుసార్లు ఉత్తరం వచ్చింది. నాలుగుసార్లూ అదే ఫలితం పంపాను, ఆ బోరు మాత్రం నడుస్తూనే ఉంది. అందువల్ల పళ్ళ లెక్కకూ, బోరు మూయడానికీ ముడి పెట్టకండి. బోరుకు ఒక పరీక్ష చాలు. పళ్ళ లెక్క నల్లా నీళ్ళు ఎంతవరకు పనిచేశాయో తెలుసుకోవడానికి, అది ఏడాది పట్టినా ఫరవాలేదు.

ఇంకొకటి, గ్రామసభ తీర్మానంలో బోరు మూయాలని మాత్రమే రాయించకండి. మళ్ళీ పైపు పగిలితే ఎన్నో రోజున ట్యాంకరు రావాలి, ఎవరు పిలవాలి, డబ్బు ఏ పద్దులోనుంచి తీయాలి అన్నది కూడా రాయించండి. పదకొండు రోజులు నీళ్ళు లేకపోతే ఎవరైనా బోరు మోటారు వేస్తారు, నేనైనా వేస్తాను.

---

ప్రశ్న అడిగినవారు: మునుగోడు వైపు బడిపంతులు

పెద్దలందరికీ కృతజ్ఞతలు. ఆరు వారాల తరువాత రాస్తున్నాను.

పరీక్షల పెట్టె తెప్పించాము. సభలో నేను ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. రెండు గాజు గొట్టాలను బల్ల మీద తెల్ల కాగితం ముందు పెట్టి, చుక్కలు వేయమని ఏడో తరగతి అమ్మాయికి చెప్పాను. నల్లా నీళ్ళు గులాబి రంగులోనే నిలిచాయి. బోరు నీళ్ళు చూస్తుండగానే పసుపుపచ్చగా మారాయి. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ లేచి వచ్చి, గొట్టాన్ని చేతిలోకి తీసుకుని వెలుగుకు పెట్టి చూసి, “ఈ నీళ్ళతోనేనా నేను మనవరాలికి ఉగ్గు వండింది?” అని అడిగింది. ఆ తరువాత కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. జిల్లా ప్రయోగశాలనుంచి సంతకంతో ఫలితం పది రోజులకు వచ్చింది: లీటరుకు 3.6.

బోరును పూర్తిగా మూయడానికి మాత్రం ఒప్పుకోలేదు. పశువులకు, బట్టలకు కావాలన్నారు. పశువుల ఎముకలకు కూడా హాని జరుగుతుందని చెప్పానుగానీ ఆ మాట నెగ్గలేదు. మోటారు గది గోడకు ఎర్ర రంగు వేసి “తాగరాదు, వండరాదు” అని రాయించారు, తేదీ, అంకె కూడా రాయించాను. పైపు పగిలితే రెండవ రోజు సాయంత్రంలోగా ట్యాంకరు పిలిపించే బాధ్యత పంచాయతీ కార్యదర్శిదని తీర్మానంలో చేరింది. డబ్బు ఏ పద్దులోనుంచి తీయాలన్న వాక్యం ఇంకా ఖాళీగానే ఉంది, వచ్చే సభలో దానికోసం మళ్ళీ లేస్తాను.

పళ్ళ లెక్కకు ప్రధానోపాధ్యాయులు అనుమతి ఇచ్చారు. ఆరు, ఏడు తరగతుల పిల్లలు 58 మందిలో 51 మంది ఇళ్ళనుంచి అంగీకార పత్రాలు వచ్చాయి. డాక్టరు గారిని ఒక్క విషయం అడగాలి. ఆ 51 మందిలో తొమ్మిది మంది పనుల కోసం వలస వెళ్ళి, హైదరాబాదులో మూడు నాలుగేళ్ళు ఉండి తిరిగి వచ్చిన కుటుంబాల పిల్లలు. వారిని లెక్కలో చేర్చాలా, వదిలేయాలా?

---

జవాబు: కమ్యూనిటీ మెడిసిన్, వరంగల్

వదిలేయకండి. వారందరినీ కూడా చూడండి, కానీ వేరే పట్టికలో రాయండి, ఏ వయసునుంచి ఏ వయసుదాకా ఊళ్ళో లేరో తల్లినే అడిగి పక్కన రాయించండి. తల్లికి సంవత్సరం గుర్తు లేకపోతే ఆ పిల్లవాడు అప్పటికి నడిచేవాడా, బడికి వెళ్ళేవాడా అని అడగండి. పింగాణీ లెక్కకు అది చాలు.